రెండు చుక్కల కడియం

“నకిలీదే కదన్నా?”

కడియాన్ని గోవిందస్వామి చేతిలో పెట్టీ పెట్టకముందే అడిగింది కన్నియమ్మాళ్.

ఉప్పళంలో పాత నగ వయసు తేల్చాలంటే గోవిందస్వామి దగ్గరికే రావాలి. డెబ్బై దాటినా ఆయనకు చూపు తగ్గలేదు. నోరు అంతకన్నా తగ్గలేదు.

“మొదలు కూర్చో. అడగంగానే చెప్పేదానికి దీనికేమన్నా నోరుందా?” అంటూ భూతద్దం కంటికి బిగించుకున్నాడు.

ఆమె కూర్చోలేదు.

పోయిన ఆదివారం నిశ్చితార్థానికి పూలు పెట్టే వేడుకలో పెళ్ళికొడుకు తండ్రి శివలింగం ఈ కడియాన్ని ఆమె కూతురు ప్రియా కుడిచేతికి తొడిగించాడు. “అయిదు తరాల సొత్తు. మా ఇంటి ఆడోళ్ళ చేతిమీదే ఉండాది” అన్నాడు పదిమందీ వినేలా. ఆ మాట గోవిందస్వామి చెవిదాకా వచ్చింది. శివలింగం మాటంటే ఊళ్ళో విలువ. మిల్లులో యూనియన్ నడిపినవాడు. సునామీలో శవాలు మోసినందుకు శాలువా కప్పించుకున్నవాడు. బడిపిల్లలకు ఏటా నోటుపుస్తకాలు పంచేవాడు. అలాంటి ఇంటికి కోడలిగా కూతురు వెళ్తోందంటే, తట్టాంచావడి ఫ్యాక్టరీలో బిస్కెట్లు ప్యాక్ చేసుకు బతికే తల్లి పొంగిపోవాలి. కన్నియమ్మాళ్ మాత్రం ఆ పూటే కూతురి చేతి నుంచి కడియం తీసేసింది. వదులుగా ఉంది, సరిచేయించుకొస్తానని చెప్పింది. అప్పట్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

ఈ సాయంత్రం పెళ్ళిపత్రికలు అచ్చుకు వెళ్ళాలి. ఏ సంగతైనా ఇవాళే తేలాలి.

గోవిందస్వామి కడియాన్ని గీటురాయి మీద గీశాడు. గీత మీద యాసిడ్ చుక్క వేశాడు. గీత చెరగలేదు.

“బంగారమే.”

“ఇంకోసారి చూడన్నా. పైపూత అయ్యుండొచ్చు.”

ఆయన భూతద్దం తీసి ఆమెవైపు చూశాడు. “నలభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. కూతురికి పెట్టిన నగ నకిలీ కావాలని మొక్కుకునే తల్లిని ఇప్పుడే చూస్తాండా. ఏంది సంగతి? సమ్మందం ఇష్టం లేదా?”

“పిల్లోడు మంచోడన్నా. ప్రియా వాడిమీద ప్రాణం పెట్టుకోనుంది. నువ్వు నకిలీ అని ఒక్క మాట చెప్పు, చాలు. నవ్వుతా పోయి కల్యాణం చేస్తా.”

ముసలాయనకు ఈ లెక్క అర్థం కాలేదు. పని మధ్యలో ఎదుటివాళ్ళ గొడవలు పట్టించుకునే అలవాటూ లేదు. మళ్ళీ కడియం మీదికి వంగాడు.

“పాతదాని మాదిరే కొత్తది చేస్తారంట కదన్నా? తెల్లోళ్ళకు అమ్మేదానికి?” ఆమె వదల్లేదు.

“చేస్తారు. నేనే చేసినా. అందుకే చెప్తాండా, ఇది అట్టాంటిది కాదు. ఇట్రా.” చిన్న పటకారుతో చూపించాడు. “ఈ పువ్వు కింద శీల దాగుంది. తిప్పితే కడియం విడతాది. దీని మర మిషన్లో కోసింది కాదు, చేత్తో కోసింది. ఒకదాని శీల ఇంకోదానికి పట్టదు. కలిసిపోకుండా లోపల చుక్కలు పెట్టేవాళ్ళు. రెండు చుక్కలుండాయి చూడు. ఇది కుడిచేతిది. ఎడమచేతి ఒంటిచుక్కది యాడ?”

“ఒకటే మిగిలిందని చెప్పినారు.”

“పైన పల్చటి బంగారు రేకు, లోపల లక్క. పేదింటి సొమ్మే. పనితనం మాత్రం గొప్పది. తక్కువంటే నూరేండ్లుంటాయి. మీ వియ్యంకుడు అబద్ధం చెప్పలేదు.”

కన్నియమ్మాళ్ గోడకు ఆనుకుంది. ఆమె మొండితనం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయినా మళ్ళీ అడిగింది.

“యాడైనా తేడా ఉందేమో, బాగా చూడన్నా.”

ఆయన విసుక్కుంటూనే గోటితో కడియం చుట్టూ తట్టుకుంటూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది. ఆయన చెయ్యి ఆగింది.

“ఇదో, ఇక్కడ అతుకుంది. వేడికి లోపలి లక్క కాలిపోయి డొల్లయ్యింది. ఇది పాతకాలం అతుకు కాదు, ఇప్పటోళ్ళు వాడే కేడీఎం టంకం. ఇరవై, ఇరవై అయిదేండ్ల లోపల ఎవురో దీన్ని కోసి, మళ్ళీ అతికినారు.” మొహం చిట్లించాడు. “అయిదు తరాలు తొడుక్కున్న ఇంటోళ్ళకు శీల యాడుందో తెలీదా? తెలిసినోళ్ళు తిప్పి తీస్తారు. తెలీనోళ్ళు, తొందరలో ఉన్నోళ్ళు కోస్తారు.”

 కన్నియమ్మాళ్ సెల్ మోగింది. ప్రియా గొంతు గోవిందస్వామికి కూడా వినిపించేంత ఉత్సాహంగా ఉంది.

“అమ్మా, ప్రెస్సోడు అడుగుతాండాడు. పత్రిక అచ్చెయ్యమని చెప్పేదా?”

ఆమె జవాబివ్వకుండా సెల్ ఆపేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏందమ్మా ఇది? అసలుదే అని చెప్తాండా గదా, ఏడుస్తావేంది?” అన్నాడు గోవిందస్వామి.

కన్నియమ్మాళ్ సంచి అడుగున చెయ్యి పెట్టి, సునామీ మర్నాడు ఒడ్డున కుడిచెయ్యి బోసిగా పడున్న అమ్మ శవానికి, ఇసుకలో కూరుకుపోయిన ఎడమచేతి నుంచి తనే శీల తిప్పి తీసుకున్న ఒంటిచుక్క కడియాన్ని బయటికి తీసి, రెండు చుక్కలదాని పక్కన పెట్టింది.