జీపు మీద మిరప పట్టా

కోటిరత్నం వదినగారికి,

మీ అమ్మాయినీ మనవణ్ణీ తీసుకురావడానికి మూడు మంచిరోజులు పెట్టి ఒక్కదానికీ రాలేదనీ, ఇక పిల్లను పంపేది లేదనీ అన్నారట. తప్పు మాది కాదు, జీపుది.

దాని గుడ్డ టాపు చిరిగిపోయింది. గుంటూరు నుంచి కొత్త కాన్వాసు తెస్తానన్నాడు మా ఆదెయ్య.

"ఒరేయ్, కళ్ళంలో మిరపకాయల మీద కప్పే పట్టా రాయిలా ఉంది. అదే కుట్టించు," అన్నాను.

"వద్దే అమ్మా!"

"ఇంటికి పెద్ద నువ్వా, నేనా?"

టాపు బ్రహ్మాండంగా కుదిరింది. మొదటి మంచిరోజున బండి కదిలిందో లేదో, తుమ్ము! బయల్దేరేటప్పుడు తుమ్మితే నేను కదలనిస్తానా? అందర్నీ దింపేశాను. రెండు తుమ్ములైతే మంచివే అంటారు గాని, మాకు మూడోది కూడా వచ్చేది. మూడు ముహూర్తాలూ అలాగే పోయాయి. ప్రతిసారీ "నీ ముక్కు కోసెయ్యాలిరా" అని ఆదెయ్యనే తిట్టాను.

నిన్న పట్టా విప్పి దులిపితే వాకిలంతా కారమే.

ఇది రాస్తున్న పోస్టుమాస్టరు గారు నవ్వుతున్నారు. నవ్వనీ. గురువారం టాపు లేకుండానే వస్తున్నాం. కొత్త గుడ్డ ఏదన్నది ఆదెయ్య ఇష్టం, నేను నోరెత్తను.

ఒక్క మాట, ఎవరికీ చెప్పకండి. కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మింది మూడుసార్లూ నేనే. గురువారం మీ గుమ్మంలో మళ్ళీ తుమ్మానంటే, నన్ను అక్కడే దింపేసి పిల్లనూ పసివాణ్ణీ పంపించెయ్యండి.