కుళాయి నీళ్లు

“ఏమండీ, ఆ కిటికీ ఖాళీ చేస్తారా, చెయ్యరా?”

మిషన్ మీద నల్ల గుడ్డ, సూదిలో నల్ల దారం. మూలగదిలో లైటు కింద కుట్టీ కుట్టీ దర్జీ ఆవిడ కళ్లు చింతనిప్పులయ్యాయి. ఇంట్లో ఎండ పడే కిటికీ ఒక్కటే. దాన్ని కాస్తా ఆయనగారి మొక్కలు ఆక్రమించుకున్నాయి. పూలా, కాయలా? ఈగల్ని మింగే మొక్కలు! నాచులో పాతి, ట్రేలో నీళ్లు నిలబెట్టి, పసిపిల్లల్లా సాకుతుంటాడు లిఫ్టులు బాగుచేసే ఆ మహానుభావుడు.

“ఎండ లేకపోతే చచ్చిపోతాయే,” అన్నాడాయన.

“నా కళ్లు పోతే ఫర్వాలేదా? పారేయండి!”

“నా చేత్తో నేనెలా పారేయను? చూద్దాంలే.”

చూద్దాంలే! ఆ మాట వినీ వినీ ఆవిడకు విసుగెత్తిపోయింది. తనే పారేస్తే ఈయన మూతి ముడుచుకుని కూర్చుంటాడు. అందుకని వేరే దారి పట్టింది. వాటికి వాననీళ్లే పడతాయని, కుళాయి నీళ్లు పోస్తే చస్తాయని ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆయనే ఉపన్యాసం ఇస్తుంటాడు. ఇంకేం కావాలి? ఆయన పనికి వెళ్లగానే చెంబుడు కుళాయి నీళ్లు ట్రేలో కుమ్మరించేది. సాయంత్రానికల్లా ఆ నాచు చుక్క మిగల్చకుండా పీల్చేసేది.

చావలేదు సరికదా, కొత్త ఆకులు వేశాయి. ఒకటైతే ఆవిడ ఎదురుగానే ఈగను పట్టేసింది.

ఆయన పొద్దున్నే వాటిముందు నిలబడి, “విచిత్రంగా ఉందే! ఇంకా పచ్చగానే ఉన్నాయి,” అనేవాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

“మురిసింది చాలు, పనికి వెళ్లండి!”

ఆ రోజు ఒక కోటుకు జేబు తిరగేసి కుట్టేసింది. కోటు తాలూకు మనిషి నానా మాటలూ అని, ఇక ఈ గుమ్మం తొక్కనంటూ వెళ్లిపోయాడు. ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. రెండు చెంబులు పట్టుకుని కిటికీ మీదికి దండెత్తింది.

సరిగ్గా అప్పుడే, తాళంచెవులు మర్చిపోయి ఆయన తిరిగొచ్చాడు.

“ఏం పోస్తున్నావ్?”

“కుళాయి నీళ్లు! రోజూ పోస్తున్నా, చావాలనే పోస్తున్నా! మీరేం మందు పెట్టి బతికిస్తున్నారో గానీ, చావట్లేదు పాపిష్టివి!”

ఆయన చెంబుల వంక, మొక్కల వంక, ఎర్రబడ్డ ఆవిడ కళ్ల వంక చూశాడు. నెత్తి కొట్టుకుంటూ అక్కడే చతికిలబడ్డాడు.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కిటికీ నీకిద్దామనే కదే, నేను నెల్నుంచి వాటికి నీళ్లు మానేసింది!”