బాణీ నిలవని చోట

రెండోసారి కూడా ఆవిడ, ఆపమని చెప్పడానికి చేతికిచ్చిన రబ్బరు బుడ్డి నొక్కేసింది.

స్కానింగు యంత్రం ఆగింది. బల్ల బయటికి జారింది. తలకు బిగించిన చట్రం తీసేసరికి ఆవిడ ఒళ్ళంతా చెమటలు. లోపలికి వెళ్ళి నిమిషం కాలేదు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు అయిందట.

ఆవిడ డాన్సు టీచరు. ముప్పైమందిని గంటసేపు గెంతించగల మనిషి, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోలేకపోయింది. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

నెల రోజులుగా ఆవిడ ఎడమ చెయ్యి పట్టు తప్పుతోంది. తలలో ఏముందో చూడనిదే వైద్యం మొదలుపెట్టలేనని డాక్టరు చెప్పేశాడు.

బయట ఇంకొకరు ఉన్నారని, వాళ్ళది అయ్యాక మరోసారి చూద్దామని టెక్నీషియన్ అన్నాడు. అప్పుడూ కాకపోతే మళ్ళీ మూడు వారాలకే వీలవుతుందట.

అన్నాళ్ళు మాత్రం ఆగొద్దని డాక్టరు చెప్పిన మాట ఆవిడకీ, తోడొచ్చిన చెల్లెలికీ గుర్తుంది.

వరండాలో కుర్చీలు. చెల్లెలు మంచినీళ్ళు పట్టింది. ఆవిడ ఫోనులో పాట పెట్టుకుంది. లోపల చెవులకు తగిలించే ఫోన్లలో ఏ పాట కావాలని అడిగితే ఆవిడ చెప్పింది కూడా అదే. మూడేళ్ళుగా క్లాసులో రోజూ మోగే పాప్ పాట. అది వింటే చచ్చినవాడు కూడా లేచి గెంతుతాడని ఆవిడ నమ్మకం.

స్కాను చేయించుకుని వచ్చిన ఒక పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. వంగి ఆవిడ ఫోను తెర మీద పాట పేరు చూశాడు. తర్వాత ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"లోపల ఈ పాటే పెట్టమన్నారా?" అని అడిగాడు. గొంతు ఎంత పెద్దదంటే, వరండా అంతా తిరిగి చూసింది.

ఆవిడ ఔనంది.

"మాటలు వచ్చా మీకు?"

"మాటలెందుకండీ? బీటుంటే చాలు. మాటలన్నీ తీసి పారేసినా నా క్లాసు నడుస్తుంది."

అది నిజమే. ఆ పాటలో ఆవిడకు వచ్చింది మధ్యలో వచ్చే 'హే హే' ఒక్కటే.

"అక్కడ బాణీ నిలబడదమ్మా, ఏళ్ళ కిందటే చూశాను. ఆ మోత మింగేస్తుంది. మాటలు నేర్చుకుని వెళ్ళండి."

ఆవిడకు ఒళ్ళు మండింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే అనుకుంది. వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటూ, రాసింది మీరేనా ఏమిటని అడిగింది.

ఆయన జవాబు చెప్పలేదు. తల ఎత్తేసరికి మళ్ళీ ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. చెల్లెలు అక్కను మోచేత్తో పొడిచింది.

"అలా మొహంలోకి చూడకండి. కాస్త వేరే కుర్చీలో కూర్చోండి," అంది ఆవిడ.

ఆయన మొహం చిన్నబోయింది. జేబులోంచి చీటీ తీసి, వెనక ఆ పాటలోని నాలుగు వరుసలు రాసి, ఆవిడ ఒళ్ళో పెట్టాడు. వెళ్ళి దూరంగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆవిడ చదవకూడదనే అనుకుంది. కానీ భయంతో కళ్ళు ఎక్కడా నిలవడం లేదు, వాటికి ఏదో ఒక పని కావాలి. రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుండగా పేరు పిలిచారు.

చట్రం బిగించారు. బల్ల లోపలికి జారింది. పైకప్పు ముక్కుకు జానెడు దూరంలోకి వచ్చింది. చెవుల్లో పాట మొదలైంది.

యంత్రం కూడా మొదలైంది.

రేకుల మీద సుత్తులతో బాదుతున్న మోత. అందులో పాట ముక్కలైంది. తాళం తప్పింది, రాగం చిరిగింది, చివరికి ఏదీ మిగల్లేదు. మూడేళ్ళు నమ్ముకున్న బీటు అర నిమిషంలో చేతులెత్తేసింది. ఆవిడ వేళ్ళు రబ్బరు బుడ్డి చుట్టూ బిగుసుకున్నాయి. ఇక్కడే చచ్చిపోతానేమో అనిపించింది.

తలుపు తీసే ఉంది, తొందరేమీ లేదు.

ఎక్కడి నుంచో కాదు, తన లోపలి నుంచే వచ్చిందా మాట. పెదవి కదపకుండా రెండోది అందుకుంది. దారి ఎక్కడికీ పోదు, నడిచేది మనమే.

ఒక్క అడుగు చాలు, ఆపైన ఇంకొకటి.

చివరన వెలుతురు చిన్నదైనా మనదే.

మళ్ళీ మొదటి నుంచి. భయం పోలేదు, పక్కనే పడుకుని ఉంది. కానీ ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య దానికి చోటు దొరకలేదు. ఇన్నాళ్ళూ ఇంత నెమ్మదైన పాట మీద గెంతుతున్నానని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్క లేదు.

బల్ల బయటికి జారింది. అన్నీ స్పష్టంగా వచ్చాయన్నాడు టెక్నీషియన్. చెల్లెలు ఏడ్చేసింది.

ఆవిడ వరండాలోకి పరుగెత్తింది. గోడవైపు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రిపోర్టు తీసుకుని ఇప్పుడే వెళ్ళాడని టెక్నీషియన్ చెప్పాడు.

"కాస్త పిలవండి. పాట రాసినాయనకి ఒక్క మాట చెప్పాలి, తప్పుగా మాట్లాడాను."

"పిలిస్తే వినపడదు మేడమ్. రాసినాయన వేరే. ఈయన దానికి బాణీ కట్టినాయన. రెండు చెవులూ పోయిన దగ్గర్నుంచి, ఎదుటివాళ్ళ పెదాలు చూసే మాట తెలుసుకుంటారు."