ఆదిబాబు షుగరు

"ఉమ్మెయ్! మొత్తం ఉమ్మెయ్!"

భుయ్యాడీహ్ చౌరస్తాలో జోగమ్మ పెట్టిన కేకకి జిలేబీ కొట్టువాడి చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. ఆదిబాబు నోట్లో జిలేబీ అలాగే ఉంది. ఉమ్మలేడు, మింగలేడు. చివరికి మింగేశాడు.

"ఒక్క ముక్కేనే..."

"ఎన్నాళ్ళ నుంచి తింతన్నావు?"

ఆదిబాబు తల దించుకున్నాడు. కొట్టువాడు సర్దిచెప్పబోయాడు. "రోజ్ నహీ భాభీ, కభీ కభీ!"

రోజూ కాదట, అప్పుడప్పుడేనట! దాంతో ఉన్న గుట్టు కాస్తా బయటపడింది.

జోగమ్మకి ఇప్పుడు అర్థమైంది. అందుకా ఈ మధ్య పొద్దుటి నడకలో మొగుడు వెనకబడిపోతున్నాడు! మొదట్లో తనే ఆయాసంతో మాటిమాటికీ ఆగేది. ఇప్పుడు తను సువర్ణరేఖ ఏటి ఒడ్డు దాకా పోయి వెనక్కి తిరిగి చూస్తే మనిషి కనబడడు. మోకాలు నొప్పి అంటే నమ్మింది.

షుగరు జబ్బు ఎలాంటిదో ఆమెకి తెలుసు. అక్క కస్తూరమ్మ కాల్లో చిన్న మేకు దిగింది. షుగరున్న ఒళ్ళు కావడంతో పుండు మానలేదు. చీము పట్టింది. కాలు తీసేశారు. అయినా విషం ఒళ్ళంతా పాకి అక్క పోయింది. ఆ దినాల్లోనే జోగమ్మ అందరి ముందూ అనేసింది. "ఈ రోగం నాకొత్తే సూదీ వద్దు, మందూ వద్దు. తిన్నగా ఏట్లో దూకేత్తాను."

వానాకాలంలో ఆ రోగం తన ఇంటికే వచ్చింది. జోగమ్మకి వీపు మీద సెగ్గడ్డలు లేచి జ్వరం తగిలితే, డాక్టరు వీరరాఘవులు పనిలో పనిగా మొగుడూ పెళ్ళాలిద్దరికీ రక్తపరీక్ష చేయించాడు. ఫలితం కనుక్కోడానికి వెళ్ళిన ఆదిబాబు నెత్తురుచుక్క లేని మొహంతో తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. తనకి షుగరట.

"మన రత్తంలో కాపలా కాసే కణాలుంటాయట జోగీ. సుగరొత్తే అవి మొద్దునిద్దరోతాయట. అందుకే పుళ్ళు మానవట. రోజూ నడిత్తే లేచి కూకుంటాయట. కొన్నాళ్ళు నడక, పత్తెం సూసి, తగ్గకపోతే మందులన్నాడు. ఒక్కణ్ణే అయితే నా వల్ల కాదు. నువ్వూ రా. తీపి నువ్వూ మానెయ్, నువ్వు తింతే నాకు నోరూరుద్ది."

ఏట్లో దూకుతానన్న మనిషే మర్నాడే ఇద్దరికీ కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది. బెల్లం డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. చలిలో, పొగమంచులో, మొగుణ్ణి దుప్పట్లోంచి ఈడ్చి మరీ నడిపించింది.

ఇంతా చేస్తే ఈ జిలేబీలు!

"పద డాక్టరు కాడికి," అంది రెక్క పట్టుకుని.

"ఇప్పుడెందుకే..."

"అక్క లాగ నిన్ను కూడా సాగనంపమంటావేటి?"

ఆదిబాబు ఆమె వెనకే నడిచాడు.

వీరరాఘవులు అప్పుడే క్లినిక్ తెరుస్తున్నాడు. జోగమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. ఆయన ఆదిబాబు వేలు పొడిచి, రక్తపు చుక్కని మిషను పట్టీకి తాకించాడు.

"బాగానే ఉంది."

"జిలేబీలు తిన్నా బాగుందా బాబూ?"

డాక్టరు ఆదిబాబు వైపు తిరిగాడు. "ఇంకా చెప్పలేదా?"

ఆదిబాబు తల అడ్డంగా ఊపాడు.

జోగమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "ఏటి సెప్పనేదు? కాలుకేటైనా వచ్చినాదా? నా కాడ దాచకండి బాబూ!"

"కంగారు పడకమ్మా. నీ చెయ్యి కూడా ఇటివ్వు."

"నాకెందుకు? ముందు ఈయన సంగతి సూడండి!"

ఆదిబాబే ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు చాపాడు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. సూది గుచ్చుకుంది. జోగమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అక్క మంచం మీద కాలు లేకుండా పడుకున్న రూపం కళ్ళ ముందు కదిలింది.

"వీపు మీద గడ్డలు మళ్ళీ లేచాయా?" డాక్టరు అడిగాడు.

"నేదు బాబూ. మొన్న కత్తిపీటకి సెయ్యి తెగితే కూడా బేగి మానిపోనాది. నా గొడవెందుకిప్పుడు?"

డాక్టరు మిషను వైపు చూసి పెద్దగా నవ్వాడు. "నడక పనిచేసిందోయ్ ఆదిబాబూ!"

ఆదిబాబు భుజమ్మీది తువ్వాలులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

జోగమ్మకి అయోమయంగా ఉంది. "ఈయన రత్తం సూసి నవ్వనోరు, నా రత్తం సూసి నవ్వుతారేటి?"

ఆదిబాబు కళ్ళు తుడుచుకుని ఆమె వేలు తన గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"సుగరు నీకేనే జోగీ."