రేపు స్టేషన్‌కి రా

"ఒరేయ్ వీరబాబూ, నీకు జామీను దొరికింది. లెగు!"

సబ్‌జైలు వార్డరు తాళం తీశాడు. వీరబాబు కదల్లేదు.

"ఎవరిచ్చారు?"

"నాకేమన్నా చుట్టాలా? నడువు."

వీరబాబు అనుమానంగానే లేచాడు. కాలవ నీళ్ళ తగాదాలో బుల్లయ్య కొడుకుని కొడవలితో నరికి లోపలికొచ్చాడు. బెయిలు ఆర్డరొచ్చి నెల దాటినా, జామీను పడే మొనగాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అంతా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నారు. బుల్లయ్యంటే అంత హడలు.

పక్కనున్న పాత ఖైదీ జోసఫ్ గొణిగాడు.

"జాగ్రత్తరోయ్. బుల్లయ్యే ఇప్పించుంటాడు. బయటికి లాగి నరకడం మన దగ్గర కొత్తా?"

గేటు బయట ఎవరో ముసలాయన, చంకలో సంచీతో నిలబడున్నాడు. వీరబాబుని చూసి చెయ్యెత్తాడు.

వీరబాబు మొహం తిప్పుకుని బస్సెక్కాడు. ముసలాయనా ఎక్కాడు. బస్సు కిక్కిరిసి ఉంది, ఒకరు ముందు, ఒకరు వెనక.

అడ్డరోడ్డులో వీరబాబు దిగితే ఆయనా దిగాడు. ఇంకేముంది!

వీరబాబు చేలకడ్డంపడ్డాడు. పచ్చపురుగు తినేసిన పత్తిచేలు, కనుచూపుమేర మనిషన్నవాడు లేడు. వెనక అడుగులు మాత్రం ఆగలేదు.

"ఆగరా అబ్బాయ్!" ముసలాయన రొప్పుతూ అరిచాడు. "రేపు స్టేషన్‌కి రా. తప్పించుకున్నావో, నీ సంగతీ నా సంగతీ తేలిపోద్ది!"

అంటూనే సంచీలో చెయ్యి పెట్టాడు.

కొడవలే అనుకున్నాడు వీరబాబు. గట్టు మీది రాయెత్తి నెత్తిన మోదాడు.

"అయ్యో... నేను..."

"బుల్లయ్యకి చెప్పుకో పో!"

మళ్ళీ మోదాడు. నెత్తురు మొహాన చిమ్మినా ఆగలేదు. ఆ నోరు మూతపడేదాకా మోదుతూనే ఉన్నాడు.

మనిషినీ సంచీనీ కలిపి కాలవలోకి దొర్లించాడు.

'పీడా పోయింది. నా ప్రాణం దక్కింది.'

తెల్లారి కానిస్టేబులు ఇంటికొచ్చి తలుపు బాదాడు.

"సంతకానికి రావేరా? బెయిలు కండిషను తెలీదూ? రోజూ పొద్దున్నే స్టేషన్‌కి రావాలి. ఎగ్గొడితే నువ్వు లోపలికి, జామీను పడ్డోళ్ళు కోర్టు చుట్టూ!"

స్టేషన్‌కి రావాలి. నిన్న విన్న మాటే. వీరబాబు చొక్కా తగిలించుకుని కానిస్టేబులు వెంట నడిచాడు.

స్టేషన్ బల్ల మీద కూర్చున్న ముసలామె వీరబాబు పేరు విని గబగబా లేచొచ్చింది.

"నువ్వేనా నాయనా? మా ఆయనేడయ్యా? నిన్న నీకోసమని జైలు దగ్గరికెళ్ళాడు, ఇంతవరకూ ఇంటికి రాలా. నీకు జామీను పడింది మేమేనయ్యా."

వీరబాబు వెనక్కి అడుగేశాడు.

"మా పిల్లోడు జామీనిచ్చే దిక్కులేక ఆ జైల్లోనే ఉరేసుకున్నాడు. నీకూ ఎవరూ రావట్లేదని కోర్టు వరండాలో విన్నాం. ఈ బిడ్డకైనా ఆ గతి పట్టకూడదన్నాడు మా ఆయన."

ఆమె వీరబాబు చెంపలు నిమిరింది.

"ఎంత చిక్కిపోయావయ్యా! సంచీలో నీకని గోంగూరన్నం కట్టి పంపానే, తిన్నావా?"