హిమబిందు వేసిన ఒట్టు

“పొద్దుపోయాక ఆడపిల్ల ఒక్కర్తీ రోడ్డు మీద నడవొచ్చునేటి అక్కడ?” అని అడిగాడు వరహాలు.

“మేం అసలు బయటికే రాం మావయ్యా. ఆఫీసూ హాస్టలూ ఒకే బిల్డింగు,” అంది హిమబిందు.

“అదే మంచిది,” అంటూ గౌరీశ్వరి టీ గ్లాసు అందించింది. “ఇది మద్దిలపాలెం నుంచి బస్సు దిగీ దాకా నా పేనాలు నాకాడ ఉండవు.”

“అమ్మా!” అంది హేమశ్రీ.

ఆటోనగర్‌లో వరహాలుకు చిన్న లేత్ షెడ్డు ఉంది. దాని వెనకాలే ఇల్లు. ఒక్కతే కూతురు హేమశ్రీ. డిగ్రీ అయ్యాక మద్దిలపాలెంలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తోంది. ఆమెతో కలిసి చదివిన హిమబిందు విదేశంలో ఉద్యోగం చేసి ఈమధ్యే తిరిగొచ్చింది. తమ కంపెనీలో కంప్యూటర్ పనికి మనుషులు కావాలని, హేమశ్రీని పంపమని చెప్పింది. పాస్‌పోర్టు ఎప్పుడో వచ్చేసింది. వరహాలు సరేనంటే చాలు. ఆ ఊరు ఎలాంటిదో తనే అడిగి తేల్చుకోవాలని ఆయన ఆ ఆదివారం హిమబిందును ఇంటికి పిలిపించాడు.

“ఎలాగెల్లాల?”

“బ్యాంకాక్‌లో దిగాక కారు పంపిస్తారు. బోర్డర్ దాటి కొంత దూరం వెళ్తే సముద్రం ఒడ్డునే ఊరు. అచ్చం మన భీమిలిలా ఉంటుంది.”

“తిండో?”

“అన్నమే. చేపలు కూడా దొరుకుతాయి.”

“మరింకేటి నాన్నా, మనూరే!” హేమశ్రీ నవ్వింది.

“నువ్వాగు. ఫోన్లో సూత్తన్నాను నాను. అటేపు దేశాల్లో మనుసుల్ని గదుల్లో పెట్టి తాళాలేసేత్తన్నారంట.”

“ఫోన్లో మన వైజాగ్ గురించి కూడా ఎన్నో పెడతారు మావయ్యా. అవి చూసి మీరు ఇల్లు ఖాళీ చేశారా?”

వరహాలుకు నవ్వొచ్చింది. “ఇది మాట నేర్సీసిందే! మన బాస కూడా మర్సిపోనాది.”

అంతలో పక్క షెడ్డు వాళ్లు పని ముగించి షట్టరు దభాలున కిందికి లాగారు. హిమబిందు చేతిలో గ్లాసు జారిపోయింది. ఆమె ఒక్క గెంతులో గోడకు వీపు ఆనించి నిలబడింది. తల దించుకుని, రెండు చేతులూ ముందుకు చాచింది. ఎవరో వచ్చి ఆ చేతుల్ని చూడాలన్నట్టు అలాగే ఉండిపోయింది.

“ఏటే, ఏటైందే?” గౌరీశ్వరి కంగారుగా లేచింది.

“ఏం లేదత్తా. ఉలిక్కిపడ్డాను.”

“అక్కడ ఇలాటి రొద ఉండదు కావాల,” అన్నాడు వరహాలు. “అలవాటు తప్పిపోనాది పాపం.”

హిమబిందు తలూపి కుర్చీలో కూర్చుంది. కాసేపయ్యాక మెల్లిగా లేచి అడిగింది. “సార్... మావయ్యా, బాత్రూమ్‌కి వెళ్లొచ్చా?”

హేమశ్రీ పకపకా నవ్వింది. “మా నాన్న సారేటే! మనింట్లో పర్మిషనేటి?”

హిమబిందు మాత్రం నవ్వలేదు, కదల్లేదు. వరహాలు “ఎల్లమ్మా” అన్నాకే వెళ్లింది.

“సూసావా?” అన్నాడు ఆయన భార్యతో. “కంపినీ అంటే అలాగుండాల. ఎంత డిసిప్లిన్ నేర్పినారో సూడు.”

బాత్రూమ్ తలుపు మూసిన చప్పుడే వచ్చింది కానీ, లోపల గడియ వేసుకున్న చప్పుడు రాలేదు. తిరిగొచ్చిన హిమబిందు ముఖం వంక చూసి, “కళ్ల కింద ఆ నలుపేటే? నిద్రపోతన్నావా?” అంది హేమశ్రీ.

“ఇక్కడ రాత్రి లైట్లు ఆర్పేస్తారు కదా. అక్కడ ఆర్పరు. చీకట్లో నిద్ర పట్టడం లేదు.”

“రాత్రంతా లైట్లే!” హేమశ్రీ మురిసిపోయింది.

వరహాలు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “సరే. ఆకరి మాట. ఒట్టెయ్యి.”

“మొదలెట్టేసినారా!” గౌరీశ్వరి తల పట్టుకుంది. షెడ్డులోకి కొత్త పనివాణ్ని తీసుకున్నా ఆయనది ఇదే పరీక్ష. ఒట్టు వేసినవాణ్ని మళ్లీ అనుమానించడు. వెయ్యనివాణ్ని గుమ్మం ఎక్కనివ్వడు.

“పైడితల్లమ్మ మీద...” అని హిమబిందు మొదలుపెట్టింది.

“అమ్మోరి మీదొద్దు. ఆవిడ తల్లి, తప్పుసేసినా సెమించేత్తాది. మనిసి మీద ఎయ్యి. మీ తమ్ముడు పైడిరాజు అక్కడే పన్లో ఉన్నాడు గదేటి?”

“ఉన్నాడు.”

“ఆడి మీద ఒట్టేసి సెప్పు. ఆ ఊరు మంచిదనీ, మా పిల్ల సల్లగా తిరిగొత్తాదనీ.”

తల్లి పోయాక పైడిరాజుకు అన్నం కలిపి పెట్టిందీ, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిందీ హిమబిందే. ఆ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. తండ్రి వెనక నుంచి హేమశ్రీ రెండు చేతులూ జోడించి, వెయ్యవే అన్నట్టు సైగ చేసింది.

హిమబిందు ఆ జోడించిన చేతుల వంక చూసి కళ్లు మూసుకుంది.

“మా పైడిరాజు మీద ఒట్టు. ఊరు మంచిదే. హేమ తిరిగొస్తుంది.”

వరహాలు బరువు దించుకున్నట్టు వెనక్కి వాలాడు. “ఇంక నాకు అనుమానం నేదు. సొంత తమ్ముణ్ని అక్కడుంచిన పిల్ల, ఆడి మీద అబద్దం ఆడతాదేటి? ఆ పాస్‌పోర్టు ఇచ్చేయే గౌరీ.”

హేమశ్రీ ఒక్క ఉదుటున స్నేహితురాలిని కౌగిలించుకుంది. హిమబిందు ఒళ్లు కొయ్యలా బిగుసుకుని ఉంది.

“చల్లగా ఉన్నావేటే ఇలాగ?” అంది హేమశ్రీ. జవాబు కోసం ఆగకుండా బట్టలు సర్దుకోవడానికి లోపలికి పరిగెత్తింది.

హిమబిందు వీధిలోకి వచ్చింది. ఎండ మండిపోతోంది. మూసిన షెడ్ల ముందు నుంచి తల వంచుకుని నడుస్తుంటే చేతిలో ఫోన్ మోగింది. వెంటనే ఎత్తి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు నిటారుగా నిలబడింది.

“ఒప్పుకున్నారు సార్, ఇక మా తమ్ముణ్ని వదిలేయండి.”