అంటుకోని అయస్కాంతం

అయస్కాంతం టక్కున నేలమీద పడింది.

మామగారు దాన్ని తీసి, కారు కుడి తలుపు అడుగున కొత్తగా అతికిన రేకు మీద మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. పైనున్న పాత రేకు మీద పెడితే మాత్రం జలగలా పట్టుకుంది.

“అల్లుడూ, ఇది రేకేనా?”

“రేకే మావయ్యా. తుప్పు తిన్న మేర కోసేసి, అట్టముక్కతో కొలత తీసి, సుత్తితో వంపు కొట్టి వెల్డింగ్ చేశాను. మూడు రోజులు పట్టింది.”

“రేకైతే అయస్కాంతం అంటుకోవాలిగా? కన్నాన్ని లప్పంతో పూడ్చి పైన రంగు కొట్టావు. అంతేగా?”

వెల్డరు మొహం కందిపోయింది. షెడ్డు గేటు మీద బోర్డే ఉంది, ‘లప్పం పనులు చేయబడవు’ అని. సొంత మామే ఈ మాట అన్నాడంటే, రేపటినుంచి వచ్చే ప్రతివాడూ జేబులో అయస్కాంతం వేసుకుని వస్తాడు. నిజం చెబితే ఒక్క ముక్కలో తేలిపోతుంది. కానీ రెండడుగుల దూరంలో టీ గ్లాసులతో భార్య నిలబడి ఉంది.

“తొందరగా తేల్చు. ఐదింటికి మీ అత్తను డాక్టరుకి చూపించాలి. మతిమరుపు మరీ ముదిరింది.”

వెనక సీట్లోంచి అత్తగారు తప్పు చేసినదానిలా నవ్వింది. “నిజమే బాబూ. ఏది ఎక్కడ పెడుతున్నానో నాకే తెలియడం లేదు.”

“మళ్ళీ తుప్పు పట్టకూడదన్నారు కదా మావయ్యా. అందుకని కాస్త మంచి రేకు వేశాను.”

“మంచి రేకుకి అయస్కాంతమంటే పడదా?”

“స్టెయిన్‌లెస్ స్టీలుకి పడదు.” వెల్డరు గొంతు తగ్గించి అన్నాడు. లాభం లేకపోయింది. భార్యవి పాముచెవులు.

“స్టీలా? ఎక్కడి స్టీలు?”

వెల్డరు వంగి టైరు నొక్కి చూడసాగాడు.

“ఏవండీ, నా నీళ్ళ డ్రమ్ము మూత కనిపించక వారమైంది.”

“కొలత సరిగ్గా సరిపోయింది” అన్నాడు వెల్డరు, టైరుకేసి చూస్తూ.

“నువ్వే తీశావా అని పక్కింటావిడని మొహం మీదే అడిగేశాను. వారం నుంచి మాటల్లేవు మాకు. మీరేమో పక్కనే నిలబడి, ‘పోనీలే, మూతే కదా’ అన్నారు.”

మామగారికి నవ్వు ఆగలేదు. “అయితే లప్పం కాదన్నమాట. సరే, ఒప్పుకున్నాను. అయినా ఆడవాళ్ళ వంటింట్లో చెయ్యి పెట్టడమేమిటయ్యా? ఒక్క మాట అడిగి తీసుకోవద్దూ?”

వెల్డరు మామగారి వంక అదోలా చూశాడు. ఆ చూపు భార్య కంట పడింది. గ్లాసులు కారు మీద పెట్టి, తండ్రి చేతిలోంచి అయస్కాంతం లాక్కుంది.

“ఎడమ తలుపు చూడలేదే నాన్నా?”

“అది పోయిన నెల పనమ్మా. బాగానే ఉంది. టైమవుతోంది, పదండి.”

ఎడమ తలుపు అడుగున పెట్టింది. టక్కున పడింది.

“ఇదేం మూతండీ?”

“మూత కాదు. పళ్ళెం.”

“మనింట్లో పళ్ళేలన్నీ ఉన్నాయే.”

“మనది కాదు. మావయ్యే తెచ్చిచ్చారు.”

మామగారు కారు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకోసాగాడు. అది కారుకే వేలాడుతోంది.

వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు తాపీగా దిగి, ఎడమ తలుపు అడుగున ఒకసారి చేత్తో రాసి చూసి, కూతురి వైపు తిరిగింది.

“డాక్టరుకి ఫోన్ చేసి పేరు మార్పించమ్మా. ఈ పళ్ళెం కోసం నెల రోజులు నాతోపాటు అటకెక్కి మరీ వెతికాడు మీ నాన్న.”